బొమ్మలో బర్గరు, బల్ల మీద బర్గరు

తూనికలు, కొలతల శాఖలో 31 ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి రిటైరయితే ఉద్యోగం పోతుంది గానీ చూపు పోదు. ఈ వ్యాసకర్త పెదనాన్నగారికి ఇప్పటికీ రైతుబజారులో వంకాయలు కనబడవు, కాటా కనబడుతుంది. తక్కెడ చిప్ప అడుగున అంటించిన చింతపండు ముద్ద, లోపల గుల్ల చేసిన తూకపు రాయి, దండె మీద అలవోకగా ఆనించిన చిటికెనవేలు... ఈ విద్యల్ని ఎవరు ఏ సంతలో ఎలా ప్రదర్శించారో ఆయన తారీఖులతో సహా చెబుతారు. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక ఆ కళలన్నీ అంతరించాయని మనం అనుకుంటాం. ఆయన మాత్రం మిషను మీద సున్నా పడిందో లేదో చూసి, ఈ ఏటి ముద్ర ఉందో లేదో వెతికి, ఆ తరవాతే వంకాయ ధర అడుగుతారు. చుట్టాల పెళ్లిళ్లలో ఆయన్ని మొదటి పంక్తిలో కూర్చోబెట్టడానికి జంకుతారు. విస్తట్లో లడ్డూ పడగానే అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి, "నలభై గ్రాములుంటుంది. యాభై అని కదూ మాట్లాడుకున్నారు?" అంటారు. ఆ మాట పెళ్లికూతురి తండ్రి చెవిన పడితే ఇంకేమన్నా ఉందా!

ఇలాంటి మనిషిని ఆయన మనవరాలు బర్గర్ షాపుకి తీసుకెళ్లింది.

తప్పంతా ఆ పిల్లదే అనడానికీ లేదు. ఇంటర్ మొదటి ఏడు గట్టెక్కినందుకు "ఏం కావాలే నీకు?" అని ఆయనే అడిగారు. పట్టుచీరో, వాచీయో అడుగుతుందనుకున్నారు పాపం. అది బర్గరంది. వ్యాసకర్తని కూడా రమ్మన్నారు. తనిఖీకి వెళ్లేటప్పుడు పక్కన సాక్షులుండాలన్నది ఆయన పాత అలవాటు. హైదరాబాదులో ఒక మాల్, మూడో అంతస్తు, ఆదివారం సాయంత్రం. షాపు పేరు చెప్పడం లేదు. ఆ రోజు జరిగినదాంట్లో వాళ్ల తప్పు పిడికెడు, మనవాళ్ల తప్పు గంపెడు.

మొదటి అభ్యంతరం గుమ్మంలోనే వచ్చింది. రండి అన్న నాథుడు లేడు. మనిషంత ఎత్తు తెర ఒకటి నిలబడి ఉంది. దాన్ని వేలితో పొడిస్తే బొమ్మలు మారుతున్నాయి. పెదనాన్నగారు విజయవాడలో చదువుకున్న రోజుల్లో హోటల్లో కూర్చోగానే భుజాన తువ్వాలు వేసుకున్న మనిషి వచ్చి, "ఇడ్లీ, వడ, ఉప్మా, పూరీ, పెసరట్టు, పెసరట్టుప్మా, మినపట్టు, రవ్వట్టు, ఉల్లట్టు" అని ఒక్క ఊపిరిలో దండకం చదివేవాడు. మనం ఆలోచించుకునేలోపు పక్క బల్లకి మూడు కాఫీలు అందించి వచ్చేవాడు. లేచి వెళ్లేటప్పుడు కాగితం, కలం లేకుండా గల్లా వైపు తిరిగి, "కళ్లజోడాయన, రెండిడ్లీ, అట్టు, కాఫీ" అని కేకేసేవాడు. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న సంగతి ఎత్తితే పెదనాన్నగారి గొంతు ఇప్పటికీ మెత్తబడుతుంది. సర్వీసంటే ఆయన లెక్కలో అది.

ఇక్కడి తెర మాత్రం ఏ దండకమూ చదవలేదు. పిల్ల చకచకా నొక్కుతుంటే "మీడియమా, లార్జా?" అని అడిగింది.

"మీడియమంటే ఎంత?" అన్నారు పెదనాన్నగారు.

"మీడియమంటే మీడియమే తాతయ్యా."

"అదేం కొలతే? సోలా, తవ్వా, మానికా? మిల్లీలీటర్లన్నా చెప్పమను."

తెర చెప్పలేదు. వెనక క్యూలో నలుగురు దగ్గారు. పిల్ల లార్జ్ నొక్కేసింది, పోరు పడలేక. మీడియం అడిగినవాడి చేత లార్జ్ కొనిపించడానికి ఆ కంపెనీలు ఎన్నెన్ని ఎత్తులు వేస్తాయో గానీ, పెదనాన్నగారిలాంటి తాతలుంటే ఏ ఎత్తూ అక్కర్లేదు.

వడ్డించే మనిషిని తీసేసిన పాపం ఈ షాపుది కాదు. దానికి 1948 అనే సంవత్సరం ఉంది, ఊరు కూడా ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు, రిచర్డ్, మారిస్, బాగా నడుస్తున్న తమ హోటల్ని మూడు నెలలు మూసేశారు. అప్పటిదాకా కార్ల దగ్గరికి ట్రేలు మోసుకొచ్చే అమ్మాయిలుండేవాళ్లు. వాళ్లని తీసేశారు. పళ్లేలు, గ్లాసులు, చెంచాలు తీసేశారు. కడిగేవాడి అవసరం పోయింది. పాతిక రకాల జాబితాని తొమ్మిదికి కుదించారు. బర్గరు ధర 15 సెంట్లకి దించారు. తరవాత కొత్త వంటగది కట్టాల్సి వచ్చినప్పుడు టెన్నిస్ కోర్టులో సుద్దముక్కతో వంటిల్లు గీసి, తమ పనివాళ్ల చేత ఉత్తుత్తి బర్గర్లు చేయించి, ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతోందో చూసుకుని మరీ గీతలు సరిచేశారు. మనింట్లో కొత్త కోడలు వంటింట్లో అడుగుపెట్టిన మొదటి వారం జరిగే వ్యవహారమే. వాళ్లు ఎండలో చేశారు, అంతే తేడా.

ఈ కథంతా వ్యాసకర్త క్యూలో నిలబడి పెదనాన్నగారికి చెప్పాడు. కాలక్షేపానికి చెప్పాడు. అదే పొరపాటు. ఆయన ఆసక్తిగా వినడం మొదలుపెట్టారు.

1954లో ఆ హోటలుకి మిల్క్‌షేక్ మిక్సర్లు అమ్మే రే క్రాక్ అనే సేల్స్‌మన్ వచ్చాడు. ఒక్కో మిక్సరు ఒకేసారి ఐదు షేకులు కలుపుతుంది. మామూలు హోటలుకి ఒకటి ఎక్కువ. వీళ్లు ఎనిమిది వాడుతున్నారు. ఎందుకో చూద్దామని వచ్చినవాడు ఆ పద్ధతికే లొంగిపోయాడు. మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో తన షాపు తెరిచాడు, 1961లో అన్నదమ్ముల దగ్గర మొత్తం వ్యాపారాన్ని 27 లక్షల డాలర్లకి కొనేశాడు. అతని కిచెన్లో మాంసం ముద్ద లెక్క పౌనుకి పది. అంటే ఒక్కోటి 45 గ్రాములు. వంటవాడి చెయ్యి పెద్దదైనా, ఆ రోజు మనసు బాగున్నా లేకపోయినా, పౌనుకి పదే.

"వాడెవడో గానీ మన డిపార్టుమెంటు మనిషిరా," అన్నారు పెదనాన్నగారు.

అదే 1961లో ఆ కంపెనీ ఒక హోటలు కింది గదిలో హాంబర్గర్ యూనివర్సిటీ పెట్టింది. అక్కడ చదివినవాళ్లకి హాంబర్గరాలజీలో బ్యాచిలర్ పట్టా ఇస్తారు. వ్యాసకర్త కల్పన కాదిది. పిల్ల మొహం వెలిగింది. "దానికి ఎంసెట్ ఉంటుందా?" అనడిగింది.

ఆర్డరు నంబరు 217 తెర మీద వెలిగేసరికి పెదనాన్నగారి వాచీ ప్రకారం ఏడు నిమిషాల పది సెకన్లయింది. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. కౌంటర్లో కుర్రాడు ఓరగా చూశాడు.

ట్రే వచ్చింది. ట్రేలో కాగితం. కాగితం మీద నిండుగా బర్గరు బొమ్మ. బొమ్మ మీద బర్గరు పొట్లం. పెదనాన్నగారు ముందు పొట్లాన్ని నాలుగు వైపులా తిప్పి చూశారు. ఆయన వెతుకుతున్నది నికర బరువు. సబ్బుబిళ్ల నుంచి సాంబారు పొడి దాకా దేశంలో ఏ పొట్లం మీదైనా ఉండాల్సిన ముక్క అది. బర్గరు మీద లేదు. అడుగుదామని సగం లేచారు, మళ్లీ కూర్చున్నారు. చట్టం ఆయనకే గుర్తొచ్చింది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో 26వ నిబంధన కొన్ని పొట్లాలకి మినహాయింపు ఇస్తుంది. పది గ్రాముల లోపు సరుకు ఒకటి. హోటళ్లు కట్టి ఇచ్చే ఫాస్ట్ ఫుడ్ ఇంకొకటి. జీవితమంతా సంతల్లో రాళ్లు జప్తు చేసిన మనిషికి, కళ్లముందు బరువు రాయని పొట్లం పెట్టుకుని, ఏమీ చెయ్యలేని పరిస్థితి. పోలీసు ముందు దొంగ కూర్చుని కాఫీ తాగుతూ బెయిలు కాగితం చూపించినట్టయింది.

"సరే, బరువు అడగను," అన్నారు. "పొడుగు వెడల్పులు చూడకూడదని ఎక్కడా లేదుగా?"

చొక్కా జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు బయటికొచ్చింది. పిల్ల తల దించేసుకుంది.

బర్గరు పొట్లం విప్పారు. అది పొట్లంలో కాసేపు తన ఆవిరిలో తానే మగ్గినట్టుంది. పైబన్ను ముడతలు పడి, మధ్యాహ్నం నిద్ర లేచిన మొహంలా ఉంది. నువ్వులు ఒక పక్కకే ఉన్నాయి. ఆలూ టిక్కీ బన్ను మధ్యలో కాకుండా, కిటకిటలాడే బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడిలా ఒక వైపు బయటికి వచ్చి, రెండో వైపు లోపలికి పోయింది. మయొనీజ్ ఆ ఖాళీ వైపే చేరింది. లెట్యూస్ తురుము సగం పొట్లానికే అంటుకుపోయింది. టమాటా చక్రం ఒకటుంది, దాని గుండా ఎదుటివాళ్లు కనిపిస్తారు. పెదనాన్నగారు ఏమీ అనకుండా బర్గరు తీసి ట్రే కాగితం మీది బొమ్మ మీద పెట్టారు, అచ్చు మీద అచ్చు. చుట్టూ బొమ్మ వేలెడు మిగిలింది. బొమ్మలో పచ్చటి ఆకు మడతలు మడతలుగా బయటికి పొంగుతోంది. దాని మీద అసలు బర్గరు, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా కూర్చుంది.

"బొమ్మ పదమూడు. సరుకు పది," అని డైరీలో సెంటీమీటర్లు వేశారు.

ఇది పెదనాన్నగారి ఒక్కరి పైత్యమని తీసెయ్యడానికి లేదు. అమెరికా కోర్టులు ఈ పని మీదే ఉన్నాయి. 2013లో ఆస్ట్రేలియాలో ఒక కుర్రాడు సబ్‌వే వాళ్ల అడుగు పొడవు శాండ్‌విచ్ పక్కన టేపు పెట్టి ఫొటో తీశాడు. పన్నెండంగుళాలు ఉండాల్సింది పదకొండే ఉంది. ఆ ఫొటో ఊరూరా తిరిగి అమెరికాలో దావాలయింది. విచారణలో తేలిందేమిటంటే, పిండిముద్దల బరువు అన్నిటికీ ఒకటే. పొయ్యిలో ఒక్కోటి ఒక్కోలా పొంగడం వల్ల పొడుగు మారుతోంది. అంటే తినేవాడికి పోయిందేమీ లేదు. కంపెనీ రాజీకొచ్చింది. రాజీ డబ్బులో సింహభాగం లాయర్లది. 2017లో అప్పీలు కోర్టు, ఈ దావా వల్ల ఎవరికీ చిల్లిగవ్వంత ఉపయోగం లేదని ఆ రాజీని కొట్టేసింది.

వ్యాసకర్త ఇది చెప్పగానే పెదనాన్నగారు కోర్టు పక్షం వహించారు. "బరువు సరిపోయినప్పుడు పొడుగు ఎందుకురా? జిలేబీని సాగదీసి కొలుస్తామా?"

"మరి మీరు చేస్తున్నది?"

"ఇక్కడ బరువు చెప్పలేదుగా. బొమ్మ చూపించాడు. చూపించిందానికి కట్టుబడాలి."

సరిగ్గా ఈ వాదనే 2022లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. బర్గర్ కింగ్ ప్రకటనల్లో బర్గరు అసలుదానికన్నా 35 శాతం పెద్దగా కనిపిస్తోందని ఫిర్యాదు. అచ్చం బొమ్మలా ఉండే బర్గరే ఇవ్వాలని చట్టంలో లేదని కంపెనీ జవాబు. 2023 ఆగస్టులో జడ్జి కొన్ని అభియోగాలు కొట్టేసి, కొన్నిటిని ముందుకు సాగనిచ్చారు. అదే ఏడు న్యూయార్క్‌లో మెక్‌డొనాల్డ్స్, వెండీస్‌ల మీద ఇలాంటి కేసునే ఇంకో జడ్జి మొత్తంగా కొట్టేశారు. ఒకే బొమ్మ, రెండు కోర్టులు, రెండు తూకాలు. పెదనాన్నగారికి ఇది కొత్తగా అనిపించలేదు. గుంటూరు కోర్టులూ చూసిన మనిషి.

బొమ్మ సంగతి నిజానికి రహస్యమేమీ కాదు. 2012లో మెక్‌డొనాల్డ్స్ కెనడా శాఖ తనే ఒక వీడియో తీసి గుట్టు విప్పింది. షాపులో నిమిషంలో తయారయ్యే బర్గరుకి ఫొటో స్టూడియోలో గంటలు పడతాయి. వాడేది షాపు సరుకే. కాకపోతే ఉల్లిపాయ, దోసకాయ ముక్కల్ని ఒక్కొక్కటీ ఏరి, కెమెరాకి ఎదురుగా ఉన్న అంచుకి లాగి పేరుస్తారు. సాస్‌ని సూదిమందు పిచికారీలాంటి దానితో చుక్కలు చుక్కలుగా పెడతారు. వెనకవైపు చూస్తే ఏమీ ఉండదు. ఆఖర్న కంప్యూటర్లో మచ్చలు తుడుస్తారు. పెళ్లిచూపుల ఫొటోకి మన ఊరి స్టూడియోలో జరిగేది ఇంతకన్నా తక్కువేమీ కాదు. ఆ మాటకొస్తే పెదనాన్నగారి పెళ్లిచూపుల ఫొటో మీద పెద్దమ్మ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

కొలిచాక తినాలిగా. అక్కడ ఇంకో చిక్కు. చెంచా లేదు, పళ్లెం లేదు. అన్నదమ్ములు 1948లోనే తీసేశారు కదా. బర్గరుకి రెండు చేతులూ కావాలి. పెదనాన్నగారి ఎడమచెయ్యి అన్నం దగ్గరికి రావడం 70 ఏళ్లలో అదే మొదటిసారి. కాసేపు ఒక్క కుడిచేత్తోనే ప్రయత్నించారు. టిక్కీ వెనకనుంచి జారి ఒళ్లో పడబోయింది. చుట్టూ చూసి, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని, ఎడమచేతిని అరువు తెచ్చుకున్నట్టు వాడారు.

"ఎలా ఉంది తాతయ్యా?"

నమిలారు. మింగారు. "బోండానే నొక్కి పెట్టాడే. అల్లం పచ్చిమిరపకాయ మర్చిపోయాడు."

చాలావరకు నిజమే. 1996 అక్టోబరు 13న ఢిల్లీ వసంత్ విహార్‌లో దేశంలో మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పుడు, ప్రపంచం మొత్తంలో గొడ్డుమాంసం అమ్మని మొదటి మెక్‌డొనాల్డ్స్ అదే. ఊళ్లో ఏది నడుస్తుందో తెలియక మహరాజా మ్యాక్ అని మటన్‌తో ఒకటి చేశారు, తరవాత కోడిమాంసానికి మారారు. శాకాహారం వంటగది వేరు, మాంసాహారం వంటగది వేరు, పనివాళ్లు వేరు. మయొనీజ్‌లోంచి గుడ్డు తీసేశారు, గుడ్డు లేకుండా మయొనీజ్ ఎలాగని ఫ్రాన్సులో ఎవరన్నా కన్నీళ్లు పెట్టుకుంటే పెట్టుకోనీ. ఇంత హంగూ చేసి చివరికి వాళ్లు జనాన్ని లొంగదీసుకున్నది ఆలుగడ్డ టిక్కీతో. ఢిల్లీ వీధుల్లో పెనం మీద కాలుతున్న దాన్నే పట్టుకొచ్చి బన్నులో పడుకోబెట్టారు. బన్ను విషయంలో హైదరాబాదుకి ఎవరి పాఠమూ అక్కర్లేదు. ఇరానీ హోటళ్లలో బన్‌మస్కా ఎప్పటినుంచో ఉంది. లోపల వెన్న తప్ప ఏమీ ఉండదు, బొమ్మా ఉండదు. అందుకే దాని మీద దావా పడలేదు.

అయినా ఒక ముక్క చెప్పాలి. పెదనాన్నగారు బర్గరంతా తిన్నారు. కాగితానికి అంటిన లెట్యూస్ తురుము కూడా ఏరి తిన్నారు. డైరీలో మాత్రం "రుచి: ఫర్వాలేదు" అనే రాశారు. పెద్దమ్మ వంటకి కూడా ఆయన ఇంతకన్నా ఎక్కువ మార్కులు ఇచ్చిన దాఖలా లేదు.

తరవాత ఫ్రెంచ్ ఫ్రైస్. పొట్లం పైన గుత్తిగా, గోపురంలా నిలబడి ఉన్నాయి. పెదనాన్నగారు పక్కనుంచి నొక్కి చూసి చిన్నగా నవ్వారు. పూర్వం కళ్లాల్లో ధాన్యం రెండు రకాలుగా కొలిచేవాళ్లు. కుంచం మీద గోపురం నిలిచేదాకా పోసి కొలవడం ఒకటి. అంచు మీద కర్ర లాగి చదును చేసి కొలవడం రెండోది. కౌలు పుచ్చుకునేటప్పుడు గోపురం, కూలి ఇచ్చేటప్పుడు కర్ర. ఈ పొట్లంలో మాత్రం మూడో రకం చూశానన్నారాయన. పైన గోపురం ఉంది, అడుగున కుంచం లేదు. అట్ట పొట్లం అడుగు లోపలికి వంచి ఉంది. బల్ల మీద టిష్యూ పరిచి లెక్కపెట్టారు. నలభై ఆరు. అందులో వేలెడు పొడుగున్నవి ఇరవై రెండు, మిగతావి గోరంత.

కూల్ డ్రింకులో ఐసు సంగతి ఊహించుకోవచ్చు. మూత తీసి ఐసు ముక్కలన్నీ స్ట్రాతో పక్క గ్లాసులోకి తోడారు. మిగిలిన ద్రవం గ్లాసులో సగానికి దిగింది. ఈ విషయంలో ఆయన ఓడిపోయారని చెప్పక తప్పదు. 2016లో స్టార్‌బక్స్ మీద సరిగ్గా ఇదే దావా పడితే లాస్ ఏంజెలెస్‌లో జడ్జి కొట్టేశారు: చల్లటి పానీయంలో ఐసు వేస్తే పానీయం తగ్గుతుందని పసిపిల్లలకి కూడా తెలుసన్నారు. పక్క బల్ల దగ్గర నాలుగేళ్ల పాప ఒకతె ఐసు ముక్కలు నములుతూ పెదనాన్నగారి వంకే చూస్తోంది. ఆ జడ్జి మాటలో నిజముందనిపించింది.

జనానికి లెక్కలు తెలియడం మీద కంపెనీలకీ బాధలుంటాయి. 1980లలో ఎ అండ్ డబ్ల్యూ అనే అమెరికా గొలుసు హోటలు, మెక్‌డొనాల్డ్స్ పావు పౌను బర్గరుకి పోటీగా, అదే ధరకి పౌనులో మూడోవంతు మాంసంతో బర్గరు తెచ్చింది. పావంటే 113 గ్రాములు, అదీ కాల్చకముందు. మూడోవంతంటే 151. రుచిలోనూ ఇదే బాగుందన్నారు, కానీ కొనలేదు. ఎందుకా అని ఆరా తీస్తే, నాలుగు కన్నా మూడు తక్కువ కదా, తక్కువ మాంసానికి అదే ధర ఎందుకివ్వాలని చాలామంది అడిగారట. అప్పట్లో ఆ కంపెనీ యజమాని అయిన ఆల్‌ఫ్రెడ్ టాబ్‌మన్ తన పుస్తకంలో ఈ సంగతి రాసుకున్నాడు. పెదనాన్నగారు దీనికి నవ్వలేదు. దశాంశ పద్ధతి వచ్చిన కొత్తలో మన సంతల్లోనూ శేరుకీ కిలోకీ మధ్య ఎంతమంది ఇలాగే మునిగారో ఆయన తండ్రిగారు చెప్పగా విన్నారు.

ఇదంతా జరుగుతుండగా కౌంటరు వెనక గుసగుసలు మొదలయ్యాయి.

దానికో కారణముంది. రాజులు మారువేషంలో నగర సంచారం చేసినట్టు, పెద్ద గొలుసు హోటళ్లు తమ షాపుల మీదికి తామే మామూలు కస్టమర్ల రూపంలో మనుషుల్ని పంపిస్తాయి. మిస్టరీ షాపర్లంటారు. వచ్చినవాడు ఆర్డరు ఎంతసేపటికి అందింది, నవ్వారా లేదా, బల్ల తుడిచారా, ఫ్రైస్ వేడిగా ఉన్నాయా, బాత్రూంలో సబ్బుందా అని గుట్టుగా చూసుకుని వెళ్లి నివేదిక పంపుతాడు. కాబట్టి కౌంటర్లో పనిచేసే పిల్లలు ప్రతి అనుమానాస్పద శాల్తీనీ గమనిస్తూ ఉంటారు. ఎవడన్నా వాచీ చూసుకుంటే గుండె దడ. పెదనాన్నగారు వాచీ చూశారు, డైరీ రాశారు, స్కేలు తీశారు, ఫ్రైస్ లెక్కపెట్టారు, ఐసు తోడారు, బిల్లు మీది 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరుని వేలు పెట్టి చదివారు. మిస్టరీ అనేది ఏమీ మిగల్లేదు.

టై కట్టుకున్న మేనేజరు వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. అతని వెనక ఒక అమ్మాయి వచ్చి, శుభ్రంగా ఉన్న బల్లని మళ్లీ తుడిచింది.

"సార్, అంతా ఓకేనా సార్?"

"ఓకే అంటే?" అన్నారు పెదనాన్నగారు. 31 ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్నకి అలా తప్ప జవాబివ్వడం ఆయనకి తెలీదు.

మేనేజరు మొహం పాలిపోయింది. "సార్, బర్గర్ ప్రెజెంటేషన్ కొంచెం... రష్ టైం సార్. రీప్లేస్ చేసేస్తాం సార్." వద్దనేలోపు వెళ్లిపోయాడు. రెండు నిమిషాల్లో కౌంటరు కుర్రాడు కొత్త బర్గరు పట్టుకొచ్చాడు, రెండు చేతులా, తీర్థం తెచ్చినట్టు.

దాన్ని చూడాలి. బన్ను నున్నగా మెరుస్తోంది. నువ్వులు పైనంతా సమంగా ఉన్నాయి. టిక్కీ నడిమధ్యన, అంచుకి అంచు సరిపోయి ఉంది. ఆకు బయటికి మడతలు తేలి, తడితో తళతళలాడుతోంది. టమాటా చక్రాలు రెండున్నాయి. పెదనాన్నగారు దాన్ని తీసి, ట్రే కాగితం మీది బొమ్మ మీద పెట్టారు. ఈసారి బొమ్మ దాదాపు కనబడలేదు. స్కేలు పెట్టారు. పన్నెండు. బన్ను సైజు ఒకటే అయ్యుండాలి. కాకపోతే ఇది నలగలేదు, మగ్గలేదు, ఆకు అంచు దాటింది.

మొహాలన్నీ వికసించాయి, ఆయనది తప్ప.

"అయితే చెయ్యడం వచ్చన్నమాట," అన్నారు మెల్లిగా. వ్యాసకర్త వైపు తిరిగారు. "ఇందాక చేతకాలేదనుకుని ఊరుకున్నానురా. చేతకానిది తప్పు కాదు. కొలిచేవాడికి ఒకటి, కొలవనివాడికి ఒకటీ. ఇదేరా చింతపండు ముద్దంటే."

కుర్రాడికి చింతపండు సంగతి అర్థం కాలేదు. "చట్నీ లేదు సార్, కావాలంటే కెచప్ ఉంది," అని ఆరు ప్యాకెట్లు బల్ల మీద పెట్టాడు. మొదటిసారి అడిగితే ఒకటిచ్చి, అదనానికి లేదన్నది ఈ కెచప్పే.

కొసరు చూసేసరికి పెదనాన్నగారు కొంచెం మెత్తబడ్డారు. "ఏ ఊరు బాబూ?"

"పలాస దగ్గర సార్."

"అక్కడ జీడిపప్పు తూకం ఎలా ఉంది ఇప్పుడు?"

"మా మావయ్యది బట్టీయే సార్. మంచి తూకమే సార్," అన్నాడు వాడు గాభరాగా, మావయ్య మీదికి కేసు వస్తుందేమోనని.

అసలు పేచీ అప్పుడు మొదలైంది. రెండో బర్గరుకి బిల్లు లేదు. తనిఖీ చేసిన షాపులో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి పెదనాన్నగారు. సర్వీసులో ఉండగా నరసరావుపేట సంతలో ఒకాయన ఆయన జీపులో నిమ్మకాయలు పెట్టి పారిపోతే, మైలు దూరం వెంటపడి తిరిగిచ్చిన చరిత్ర ఉంది. "దీని డబ్బు తీసుకోండి" అన్నారు. రీప్లేస్‌మెంటుకి డబ్బు తీసుకోకూడదన్నాడు మేనేజరు. "నేనేం రీప్లేస్ చెయ్యమన్లేదు. మొదటిది తినేశాను. తిన్నదానికి మళ్లీ ఇవ్వడమేంటి?" అన్నారీయన. సిస్టంలో ఆ ఆప్షను లేదన్నాడు అతను. కొత్తగా ఆర్డరు పెడితే ఇంకో బర్గరు తయారవుతుంది, డబ్బు మాత్రం విడిగా తీసుకోవడం కుదరదు. పెదనాన్నగారు నోటు చాపి పట్టుకున్నారు. మేనేజరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెళ్లిలో చదివింపులు వద్దనే వియ్యంకుళ్లలా ఇద్దరూ అలా ఎంతసేపు నిలబడేవాళ్లో.

"తాతయ్యా, చల్లారిపోతోంది," అంది పిల్ల.

చూస్తే బర్గరు సగం లేదు. సాక్షి సాక్ష్యాన్ని తినేసింది.

బయల్దేరేటప్పుడు ఇంకో ఘట్టం. తిన్న ట్రే మనమే తీసుకెళ్లి చెత్తబుట్టలో కుమ్మరించాలని గోడ మీద బొమ్మ ఉంది. ఎంగిలి విస్తరి ఎవరెత్తాలన్న దాని మీద మనవైపు పెళ్లిళ్లలో సంబంధాలు తెగిపోతాయి. ఇక్కడ డబ్బిచ్చి తిన్నవాడే ఎత్తాలి. పెదనాన్నగారు ట్రే చేతిలోకి తీసుకుని, కుమ్మరించకుండా, బర్గరు బొమ్మున్న కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. వస్తువు జప్తు అయిపోయింది.

గుమ్మం దగ్గర చిన్న స్టాండు మీద టాబ్లెట్ పెట్టి ఉంది. ఐదు మొహాలు: ఏడుపు మొహం నుంచి ఇకిలింపు మొహం దాకా. పలాస కుర్రాడు పరుగున వచ్చాడు. "సార్, ఆ చివరిది నొక్కండి సార్. నాలుగు నొక్కినా కంప్లయింటు కిందే రాస్తారు సార్."

"రిమార్కుల కాలమ్ ఏదీ?"

"అదుండదు సార్. మొహమే."

పెదనాన్నగారు ఐదు మొహాలనీ కాసేపు పరికించారు. సంతకం పెట్టని తనిఖీ ఆయనకి అజీర్తి చేస్తుంది. డైరీలోంచి ఒక కాగితం చించి, నిలబడే, గుండ్రటి అక్షరాలతో రాశారు: వచ్చిన వేళ, అందిన వేళ, బొమ్మ కొలత, మొదటి సరుకు కొలత, రెండో సరుకు కొలత, ఫ్రైస్ సంఖ్య పొట్టీ పొడుగులు విడివిడిగా. ఐసు దగ్గర "అభ్యంతరం లేదు" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. చివర్న "సిబ్బంది నడవడి" అని గీత గీసి, కుర్రాడి వంక చూశారు.

"నీ పేరేంటి బాబూ?"

వాడు చొక్కాకున్న పేరుబిళ్ల ముందుకి చాపాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని అక్షరం అక్షరం ఎక్కించుకున్నారు. ఎదురుగా "సంతృప్తికరం" అని రాశారు. రిటైరయ్యేదాకా ఆ మాట ఆయన ఎంతమందికి రాశారో పెద్దమ్మకి తెలుసు. వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. కింద తేదీ వేశారు, సంతకం పెట్టారు. తరవాత అలవాటు కొద్దీ చెయ్యి ముద్ర కోసం ప్యాంటు జేబులోకి వెళ్లింది, అటు తడిమింది, ఇటు తడిమింది, రెండు కెచప్ ప్యాకెట్లతో బయటికొచ్చింది.